గ్లియల్ కణాలు, ఫిట్స్ మాత్రలు, ఒక పొడి డబ్బా

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. ఈ ఏడాది రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. సూర్యారావుపేటలో న్యూరాలజిస్టుకు చూపించాము. ఎమ్మారై మామూలుగా ఉందని, ఈఈజీలో తేడా కనిపిస్తోందని చెప్పి లెవెటిరాసెటమ్ మాత్రలు రాశారు. మెదడులో కెమికల్ సిగ్నల్స్ అప్పుడప్పుడు అదుపు తప్పుతున్నాయన్నారు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, ఒక పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. మెదడులో తొంభై శాతం గ్లియల్ కణాలేననీ, డాక్టర్లు సిగ్నల్స్ పంపే నాడీకణాలైన న్యూరాన్లకు మాత్రమే మందిస్తారనీ, ఈ పొడి గ్లియల్ కణాలను మేల్కొలిపి మెదడులో కెమికల్స్ పెంచుతుందనీ, రెండు నెలలు వాడితే మాత్రలు మానేయవచ్చనీ ఆయన అంటున్నారు. అమ్మాయేమో గ్లియల్ కణాలు ఆధారమిచ్చే కణాలని చదువుకున్నాం, సిగ్నల్స్‌తో వాటికేం పని అని అడుగుతోంది. లేబుల్ ఫొటో జతపరిచాను. ఏం చేయమంటారు? (ఒక తల్లి, గుంటూరు)

సమాధానం:

అమ్మా,

మాత్రలు మానవద్దు. కారణాలు చెప్పడానికి కొంత చోటు పడుతుంది కనుక, ఈలోగా ఇంట్లో ఎవరూ ఒక పూట ఆపి చూద్దామనుకోకుండా ఈ మాట ముందు పెడుతున్నాను. ఫిట్స్ మందును డాక్టరు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపితే, మునుపటికంటే తీవ్రంగా, కొన్నిసార్లు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి రాగల పరిస్థితి. నేను వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించినవాణ్ణే తప్ప మీ అమ్మాయిని పరీక్షించిన వైద్యుణ్ణి కాను, కాబట్టి మోతాదుల జోలికి వెళ్ళను. గ్లియల్ కణాల గురించి మాత్రం చెబుతాను, ఎందుకంటే మీ అన్నయ్యగారి వాదన బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ఆయన చెప్పినదంతా అబద్ధం కాదు. గ్లియల్ కణాలకు ఫిట్స్‌తో సంబంధం ఉంది, అదీ చిన్న సంబంధం కాదు. అయితే ఆయన లెక్కలో కొంచెం, దిశలో పూర్తిగా పొరబడ్డారు. ఒక్కో న్యూరానుకు పది గ్లియల్ కణాలుంటాయన్న మాట చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండేది. ఆ తొంభై శాతం అక్కడినుంచి వచ్చినదే. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో-హౌజెల్, ఆమె సహచరులు మెదడు కణజాలాన్ని ద్రవంగా మార్చి, అందులోని కణకేంద్రకాలను లెక్కపెట్టి 2009లో ప్రకటించిన అంకెల ప్రకారం, మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, న్యూరాన్లు కాని కణాలన్నీ కలిపి దాదాపు అంతే. అంటే గ్లియల్ కణాలు సగానికి మించవు. ఇక వాటిని మేల్కొలపడమంటారా, అవి నిద్రపోతున్న కణాలు కావు. అవి పని ఆపితే పక్కనున్న న్యూరాన్లు ఎక్కువసేపు సవ్యంగా నడవలేవు.

దిశ గురించి చెప్పాలంటే సిగ్నల్ అన్నది ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలి. నాడులు రసాయనాలను వదిలి సంకేతాలు పంపుతాయన్న సంగతిని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో చూపించాడు. ఒక గుండెకు వెళ్ళే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే, దాని నాడిని ఎవరూ ముట్టుకోకపోయినా ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది అసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. మెదడులో న్యూరాన్లను ఉద్రేకపరిచే ముఖ్యమైన రసాయనం అది కాదు, గ్లుటమేట్. న్యూరాన్ కొసలో అతి చిన్న తిత్తులలో గ్లుటమేట్ నిండి సిద్ధంగా ఉంటుంది. విద్యుత్ సంకేతం అక్కడికి చేరగానే క్యాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. క్యాల్షియం లోపలికి రాగానే తిత్తి కణపొరతో కలిసిపోయి తనలోని గ్లుటమేట్‌ను బయటికి వదులుతుంది. ఈ న్యూరానుకూ ఎదుటి న్యూరానుకూ మధ్య ఖాళీ సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో యాభై వేలవ వంతు. గ్లుటమేట్ దాన్ని దాటి ఎదుటి కణం మీద దాన్ని అందుకునే ప్రోటీన్లను, అంటే గ్రాహకాలను తాకుతుంది, ఆ కణంలోకి సోడియం పారుతుంది, అది ఉద్రేకపడుతుంది. అంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని.

పుస్తకంలో బొమ్మ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. కానీ ఆ వదిలిన గ్లుటమేట్ ఏమైనట్టు? అసిటైల్‌కోలిన్‌ను అయితే ఆ ఖాళీలోనే ఉన్న ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. గ్లుటమేట్‌కు బయట అలాంటి ఎంజైమ్ లేదు. ఎవరో ఒకరు దాన్ని తమ లోపలికి తీసుకోవలసిందే. చాలావరకు ఆ పని చేసేది ఆస్ట్రోసైట్ అనే గ్లియల్ కణం. సన్నని రేకుల్లాంటి దాని కొసలు న్యూరాన్ల సంధిని, అంటే రెండు న్యూరాన్లు ఎదురుపడే ఆ చోటును, చుట్టుకుని ఉంటాయి. ఆ కొసల మీద గ్లుటమేట్‌ను లోపలికి చేరవేసే ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో గ్లుటమేట్ అణువుతోపాటు మూడు సోడియం అయాన్లు, ఒక హైడ్రోజన్ అయాన్ లోపలికి వస్తాయి, ఒక పొటాషియం అయాన్ బయటికి పోతుంది. ఆ సోడియాన్ని మళ్ళీ బయటికి తోడిపోయడానికి ఆస్ట్రోసైట్ శక్తి ఖర్చు పెట్టాలి. లోపలికి చేరిన గ్లుటమేట్‌ను గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ అమ్మోనియాతో కలిపి గ్లుటమిన్‌గా మారుస్తుంది. గ్లుటమిన్ న్యూరాన్లను ఉద్రేకపరచదు కనుక దాన్ని బయటికి పంపినా భయం లేదు. న్యూరాన్లు దాన్ని అందుకుని మళ్ళీ గ్లుటమేట్ చేసుకుంటాయి. ఎదుటి కణాలను శాంతపరిచే రకం న్యూరాన్లు ఆ గ్లుటమేట్‌నే మరో అడుగు ముందుకు తీసుకువెళ్ళి గాబా అనే శాంతపరిచే రసాయనం చేసుకుంటాయి.

గుంటూరు వారికి మిర్చి యార్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు. దిగిన బస్తాలు ఎప్పటికప్పుడు ఖాళీ కాకపోతే వెనక వచ్చిన లారీలు రోడ్డు మీద బారులు తీరతాయి, సరుకు పేరుకుపోయి యార్డుకు సెలవు ప్రకటించిన రోజులూ మీరు చూసే ఉంటారు. అక్కడ కావలసింది మరిన్ని బస్తాలు కాదు. ఫిట్స్ విషయంలో గ్లుటమేట్ కథ ఇదే. న్యూరాన్ల మధ్య అది తొలగకుండా నిలిచిపోతే, పక్క సంధులకూ పాకి, పిలవని న్యూరాన్లను కూడా ఉద్రేకపరుస్తుంది. ఫిట్ వచ్చినప్పుడు జరిగేది, చాలా న్యూరాన్లు ఒక్కసారిగా, ఒకే తాళంలో, ఆగకుండా సంకేతాలు పంపడం. మెదడు ముందుభాగంలో గ్లుటమేట్‌ను తొలగించే ముఖ్యమైన ప్రోటీన్ పేరు జీఎల్‌టీ-1. అది లేకుండా పుట్టించిన ఎలుకలకు వాటంతట అవే ప్రాణాంతకమైన ఫిట్స్ వచ్చాయని 1997లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. న్యూరాన్లు వదిలే గ్లుటమేట్ ఎక్కువ కాలేదు. తొలగించేవారు లేకపోయారు, అంతే. కెమికల్స్ పెంచుతుందన్న మాట నాకు రుచించకపోవడానికి కారణం ఇది. ఏ కెమికల్, ఎక్కడ, ఎంతసేపు అని చెప్పకుండా పెంచుతుందంటే, ఫిట్స్ ఉన్న పిల్ల తల్లి సంతోషించవలసిన మాట కాదు.

పొటాషియం సంగతి కూడా ఇలాంటిదే. న్యూరాన్ సంకేతం పంపిన ప్రతిసారీ కొంత పొటాషియం బయటికి వస్తుంది. కణాల వెలుపల అది లీటరుకు సుమారు 3 మిల్లీమోల్స్ ఉండాలి. పెరిగితే న్యూరాన్లు మరింత తేలికగా ఉద్రేకపడతాయి. ఆ అదనపు పొటాషియాన్ని లాక్కునే పని కూడా ఆస్ట్రోసైట్లదే, కిర్4.1 అనే ద్వారం సాయంతో. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువులో పుట్టుకతో లోపం ఉన్న పిల్లలకు ఫిట్స్, నడకలో తూలు, చెవుడు, మూత్రపిండాల సమస్య కలిసి వస్తాయని 2009లో బయటపడింది. అరుదైన జబ్బే, మీ అమ్మాయికి అదని కాదు. గ్లియల్ కణంలో ఒక ద్వారం చెడితే న్యూరాన్లు అదుపు తప్పుతాయనడానికి మనుషుల్లో దొరికిన సాక్ష్యం కనుక చెప్పాను.

ఇప్పుడు డాక్టరు గారు రాసిన మాత్ర. లెవెటిరాసెటమ్ నేను పైన చెప్పిన తిత్తుల మీద ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రోటీనుకు అతుక్కుంటుందని 2004లో కనుగొన్నారు. ఉద్రేకం మితిమీరిన చోట రసాయనం విడుదలను అది తగ్గిస్తుందని భావిస్తున్నారు. మీ అన్నయ్యగారన్నట్టు ఇది న్యూరాన్ వైపు పనిచేసే మందే. అందులో లోపమేముంది? వదలడం తగ్గితే తొలగించేవారి మీద భారమూ తగ్గుతుంది. గ్లియల్ కణాలను నేరుగా లక్ష్యం చేసుకుని, ఫిట్స్‌కు పనిచేస్తుందని రుజువై, మందుల షాపులో దొరికే మాత్ర ఈనాటికి లేదు. పరిశోధనలు మాత్రం సాగుతున్నాయి. పరిశోధనాశాలల్లో ఇంకా తేలని పనిని ఒక పొడి డబ్బా తేల్చేసిందంటే నేను నమ్మను.

లేబుల్ ఫొటో పెద్దది చేసి చదివాను. గ్లుటమిన్, గాబా, బి విటమిన్లు, సరస్వతి ఆకు, ఆపైన "ఇతర మూలికలు". గ్లుటమిన్ మన శరీరం తనంతట తాను తయారుచేసుకునేదే. పప్పులోనూ పెరుగులోనూ గుడ్డులోనూ ఉంటుంది. పైన చెప్పిన చక్రంలో దాని పేరు వచ్చింది కదా అని చెంచాడు పొడి కలుపుకుని తాగితే ఆ చక్రం వేగంగా తిరగదు. గాబా పేరు చూస్తే ఆశ కలుగుతుంది, ఎందుకంటే మెదడును శాంతపరిచేది అదే. కానీ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను నోటితో మింగిన గాబా దాటేది బహు స్వల్పం. రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి బిగుతుగా కుట్టినట్టు ఉండడం వల్ల ఏర్పడిన అడ్డు అది. దాని చుట్టూ పాదాలు మోపి, దాన్ని నిలబెట్టడంలో తోడ్పడేవి, చూడండి, మళ్ళీ ఆస్ట్రోసైట్లే. బి6 విటమిను ఒక్కదానికే ఇక్కడ కొంత అర్థం ఉంది: గ్లుటమేట్ నుంచి గాబాను తయారుచేసే ఎంజైముకు అది అవసరం. మామూలు తిండి తినేవారికి అది సరిపడా అందుతుంది, ఎక్కువ మింగినంత మాత్రాన గాబా ఎక్కువ కాదు. పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే కాళ్ళూ చేతుల నాడులు దెబ్బతిని తిమ్మిర్లు పడతాయి. ఇతర మూలికలు అని రాసిన చోట నేను చెప్పగలిగింది ఏమీ లేదు, పేరు కూడా రాయని వస్తువును ఫిట్స్ మాత్రలతో కలిపి ఇవ్వకూడదన్నది తప్ప.

ఇదే సందర్భంలో మరొక భయం కూడా తీరుస్తాను. సాయంత్రం బండి మీద నూడుల్స్‌లో వేసే టేస్టింగ్ సాల్ట్ కూడా గ్లుటమేటే కదా, అది తిని ఫిట్స్ వచ్చాయేమోనని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. తిండిలోని గ్లుటమేట్‌లో అధికభాగాన్ని పేగు కణాలే ఇంధనంగా వాడుకుంటాయి, మిగిలిన కాస్తకూ పైన చెప్పిన అడ్డుగోడ అడ్డం పడుతుంది. బండి నూడుల్స్ మానిపించడానికి వేరే మంచి కారణాలున్నాయి, ఇది మాత్రం కాదు.

మీ అమ్మాయి ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న అదే. గ్లియల్ కణాలు ఆధారమిస్తాయన్నది నిజమే, కానీ అక్కడితో ఆగిపోలేదు. ఆలిగోడెండ్రోసైట్లు న్యూరాన్ల తీగలకు మయలిన్ తొడుగు చుట్టి సంకేతాన్ని వేగంగా పరిగెత్తిస్తాయి; మైక్రోగ్లియా మెదడు కాపలా కణాలు, ఎదిగే వయసులో అక్కరలేని సంధులను తొలగించేదీ అవే. సిగ్నల్స్ విషయంలో అసలు వివాదం ఆస్ట్రోసైట్ల చుట్టూ తిరిగింది. వాటిలో విద్యుత్ సంకేతాలు పుట్టవు కనుక అవి మౌనంగా ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 1990లో, పెంచిన ఆస్ట్రోసైట్ల మీద గ్లుటమేట్ వేస్తే వాటిలో క్యాల్షియం పెరిగి, ఆ పెరుగుదల ఒక కణం నుంచి పక్క కణానికి అలగా సాగడం కనిపించింది. అంటే న్యూరాన్ల సందేశాన్ని అవి గ్రహిస్తున్నాయన్నమాట. వదిలే న్యూరాన్, అందుకునే న్యూరాన్, చుట్టుకున్న ఆస్ట్రోసైట్ ముగ్గురూ కలిసి ఒక సంధి అన్న ప్రతిపాదన 1999లో వచ్చింది. మనిషి మెదడులో ఒక్కో ఆస్ట్రోసైట్ పరిధిలో ఇరవై లక్షల దాకా సంధులు ఉండవచ్చని 2009లో అంచనా వేశారు.

అవి గ్రహించడమే కాక తిరిగి జవాబు కూడా చెబుతాయా అన్నదాని మీద పదిహేను ఇరవై ఏళ్ళు గట్టి వాదనలు జరిగాయి. ఆస్ట్రోసైట్లు డి-సెరీన్, గ్లుటమేట్, ఏటీపీ వంటి రసాయనాలు వదిలి న్యూరాన్లను ప్రభావితం చేస్తాయని ఒక పక్షం, గాజు పాత్రలో కనిపించినది బతికున్న మెదడులో జరగదని మరో పక్షం. 2023లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం, ఆస్ట్రోసైట్లలో కొన్నిటికి మాత్రమే న్యూరాన్లలాగా గ్లుటమేట్ వదిలే సరంజామా ఉందని చూపించింది. అన్నీ ఒకటే అనుకుని వెదికినందువల్ల ఒకరికి దొరికింది మరొకరికి దొరకలేదన్నమాట. పరీక్షలో అమ్మాయి పుస్తకంలో ఉన్నదే రాయాలి, మార్కులు వాటికే. కానీ తన ప్రశ్న సరైనదని తనకు తెలియాలి.

ఏటీపీ అన్నాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో కనుగొన్న పదార్థమే అది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణాలకు శక్తినిచ్చే ఆ పదార్థమే కణం బయట సందేశంగా కూడా పనిచేస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అన్నప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. తరువాత ఒప్పుకున్నారు. మీ అమ్మాయికి ఇది కథ మాత్రమే కాదు. ఆస్ట్రోసైట్లు వదిలిన ఏటీపీ బయట విరిగి అడెనోసిన్ అవుతుంది. అడెనోసిన్ న్యూరాన్ల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అది పెరిగి నిద్ర ముంచుకొచ్చేలా చేస్తుంది. కాఫీలోని కెఫీన్ అడ్డుకునేది ఈ అడెనోసిన్ గ్రాహకాలనే. అంటే హాస్టల్లో రాత్రి పన్నెండింటికి గ్లాసుడు కాఫీ తాగి స్టడీ అవర్‌లో కూర్చున్న పిల్ల, మెదడు తనకు తానుగా వేసుకుంటున్న కళ్ళాన్ని వదులు చేస్తోంది. ఒకటి రెండు కప్పుల కాఫీతో ఫిట్స్ వస్తాయని నేను అనడం లేదు. నిద్ర చాలకపోవడం మాత్రం ఫిట్స్‌ను రప్పించే కారణాల్లో వైద్యులందరూ ఒప్పుకున్నది. ఆ పొడి మీద పెట్టే డబ్బూ శ్రద్ధా, వార్డెనుతో మాట్లాడి అమ్మాయి రాత్రి వేళకు పడుకునేలా చూడడం మీద పెట్టండి. రెండు ఫిట్స్ వచ్చిన ముందురోజు రాత్రులు ఎంతసేపు నిద్రపోయిందో అడిగి రాసి పెట్టండి. డాక్టరుకు అది పనికొచ్చే సమాచారం.

మరొకటి కూడా అడగండి. పొద్దున లేచిన కాసేపటికి చేతులు ఒక్కసారిగా ఎగిరిపడి బ్రష్షో గ్లాసో జారిపోవడం ఎప్పుడైనా జరిగిందా? ఈ వయసు పిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛకు అది గుర్తు, పిల్లలు దాన్ని తొందరపాటు అనుకుని చెప్పరు. లెవెటిరాసెటమ్ మొదలుపెట్టాక చిరాకు, కోపం, దిగులు పెరిగితే అది పొగరు అనుకోవద్దు. కొందరిలో ఆ మందు వల్ల అలా అవుతుంది, డాక్టరు మోతాదునో మందునో మారుస్తారు. హాస్టల్లో ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచా, చేతిలో తాళాలగుత్తి పెట్టకూడదు, పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇది వార్డెనుకు కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక మీ అన్నయ్యగారు. ఆయన డబ్బు ఖర్చు పెట్టి తెచ్చారు, పిల్ల మీద ప్రేమతోనే తెచ్చారు, ఆడపడుచు ఇంటితో మాట పట్టింపు రాకూడదన్న మీ జంకు ఉత్తరంలో కనిపిస్తూనే ఉంది. వాదించకండి. వచ్చేసారి సూర్యారావుపేట వెళ్ళేటప్పుడు ఆయన్నే తోడు రమ్మని అడగండి. మాత్రలు ఎంతకాలం వాడాలి, ఎప్పుడు తగ్గించవచ్చు అన్న ప్రశ్నలు ఆయన చేతే డాక్టరు గారిని అడిగించండి. చాలా సందర్భాల్లో రెండేళ్ళకు తక్కువ కాకుండా ఫిట్స్ రాకుండా ఉన్నాక, మూర్ఛ రకాన్ని బట్టి, మెల్లమెల్లగా తగ్గించే ఆలోచన చేస్తారు. డబ్బా కూడా మూత విప్పకుండా వెంట తీసుకువెళ్ళండి, వెనక వైపు లేబుల్ డాక్టరు గారు చదవాలి.